ఎవరికీ చూపని స్క్రీన్

“ముందు ఆ పేజీ తీసెయ్యి. ఆ తరవాతే ఏమన్నా మాట్లాడుకుందాం,” అన్నారు బావగారు.

ఆయన భోజనానికి కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి దాని అంచు రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. పెద్దకోడలు గరిటె చేత్తో పట్టుకుని, ఎవరికి వడ్డించాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. బల్లకి ఆ చివర చిన్నకొడుకు మాత్రం వంచిన తల ఎత్తకుండా తింటున్నాడు. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి. ఆ రోజు బడి ఒంటిపూటే కావడం అతని ఖర్మ. ఇంట్లో గొడవైతే అతనికి ఆకలి ఎక్కువవుతుంది. నోట్లో ముద్ద ఉన్నవాణ్ణి ఎవరూ అభిప్రాయం అడగరు కదా.

చిన్నకోడలు కూడా కూర్చునే ఉంది. 

“ఏ పేజీ బావగారూ?”

ఏ పేజీయో ఆమెకి తెలుసు. తన వెబ్‌సైట్‌ని జనం ముందు పెట్టిన రోజు నుంచి ఈ మాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూనే ఉంది.

“ఏ పేజీయా? చెప్పుల పేజీ! పిల్లల చెప్పుల కంపెనీ మేడమ్ పొద్దున్నే ఫోన్ చేసింది. నీ పోర్ట్‌ఫోలియో లింకు ఆవిడకి ఎవరో పంపారట. ‘ఇంత చక్కటి స్క్రీన్ మీ దగ్గర ఉండగా మాకెందుకు చూపించలేదండీ’ అంటుంది. నేను ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పను?”

“బాగుందనే కదరా అంది. ఇంకేమిటి నీ బాధ?” అన్నారు అత్తగారు. ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి. కాకపోతే గొడవలో తనకి నచ్చిన మాటే వినిపిస్తుంది.

“అమ్మా, నువ్వు కాస్త ఉండు.”

“ఉన్నాను. ఎక్కడికి పోతాను!”

ఆ ఇంటి ముందుగదే బావగారి డిజైన్ స్టూడియో. గుమ్మం పక్కన బోర్డు, లోపల రెండు బల్లలు, గోడ నిండా రంగుల పట్టీలు. కంపెనీలకి లోగోలూ, కరపత్రాలూ, ఫోన్ యాప్‌లకి స్క్రీన్‌లూ అక్కడే తయారవుతాయి. గీసేది చాలావరకు చిన్నకోడలు. మాట్లాడేది బావగారు. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూసుకునేది పెద్దకోడలు. బయటికి ఏది వెళ్ళినా బోర్డు మీది పేరుతోనే వెళుతుంది, ఆ పేరు బావగారిది. చిన్నకోడలు పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఇదే పద్ధతి. ఒక కొత్త పేజీకి ‘నా పని’ అని పేరు పెట్టబోయి, ఆ రెండు మాటల దగ్గర వేళ్ళు ఆగిపోయేదాకా ఆమెకి అందులో తప్పేమీ కనిపించలేదు.

చెప్పుల కంపెనీ వాళ్ళు అడిగింది చిన్న యాప్. ఇంట్లోనే పిల్లల పాదం కొలిచి చెప్పులు తెప్పించుకోవాలి. తిప్పలేమిటంటే పిల్లలు పాదం కదపకుండా కాసేపు నిలబడరు. చిన్నకోడలు దానికి ఒక ఆట గీసింది. కాగితం మీద పాదం పెట్టి కదలకుండా ఉంటే, ఫోన్ ఫొటో తీసి ‘నీది కుందేలు అడుగు’ అనో, ‘నీది ఎలుగుబంటి పిల్ల అడుగు’ అనో చెబుతుంది. ఏ జంతువు వస్తుందోనన్న ఆత్రంలో పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడతారు. కొలత కింద చిన్న అక్షరాల్లో వస్తుంది, అది అమ్మ కోసం.

బావగారు దాన్ని చూసి “పిల్లలాటలా ఉంది” అని పక్కన పడేశారు. కంపెనీకి తను గీసిన స్కేలు బొమ్మ పంపారు.

ఆ పక్కన పడేసినదాన్నే చిన్నకోడలు తన పోర్ట్‌ఫోలియోలో అన్నిటికంటే ముందు పెట్టుకుంది. దాని పైన ‘ఎవరికీ చూపని స్క్రీన్’ అని శీర్షిక కూడా రాసింది. తెలివైనవాళ్ళు మాత్రమే చేయగల తెలివితక్కువ పనులు కొన్ని ఉంటాయి. ఎవరికీ చూపలేదని రాసి లోకానికంతా చూపించడం అందులో ఒకటి.

“అసలు ఆ పోర్టు ఏమిటే?” అన్నారు అత్తగారు చిన్నకోడలి వైపు తిరిగి. “వారం నుంచి ఇంట్లో అదే మాట.”

“మనం చేసిన మంచి పనులన్నీ ఒకచోట పెట్టి చూపించుకోవడం అత్తయ్యా. అద్దాల బీరువాలో మంచి గిన్నెలు పెట్టుకున్నట్టు.”

“మరి మీ బావ వద్దని పక్కన పడేసిన గిన్నె అందులో ఎందుకు పెట్టావు?”

“అన్నిటిలోకీ అదే మంచిది కనక.”

ఆ మాట తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పెద్దకోడలు గరిటెను గిన్నెలో పెట్టేసింది. చిన్నకొడుకు నమలడం ఆపాడు.

“ఇంతకీ మేడమ్‌కి ఏం చెప్పావన్నయ్యా?” అని అడిగాడు చివరికి, మంచినీళ్ళు తాగి.

బావగారు కుర్చీ అంచు మీద బొటనవేలితో అటూ ఇటూ రుద్దారు.

“నేనే చేశానని చెప్పాను. అమ్మాయి పొరపాటున తన పేజీలో పెట్టుకుందని చెప్పాను.”

చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. అంత కోపం తనలో ఉందని ఆమెకే తెలియదు. కన్నీళ్ళు కూడా వచ్చాయి, అవి వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

“పొరపాటున పెట్టుకున్నానా?”

“మరేం చెప్పమంటావు? మా ఇంట్లో మంచి పని చేసేది ఒకరూ, దాన్ని తొక్కేసేది ఇంకొకరూ అని చెప్పనా?”

“నిజం అదే అయినప్పుడు...”

“ఏమోయ్,” అన్నాడు భర్త.

“మీరు అన్నం తినండి!”

అతను తిన్నాడు.

బావగారు గొంతు తగ్గించారు. ఆయన అరిచినప్పటికంటే గొంతు తగ్గించినప్పుడే ఇంట్లోవాళ్ళకి భయం. “నిన్ను శాశ్వతంగా మానుకోమనడంలేదమ్మాయీ. ఒక్క వారం తీసెయ్యి. నా పరిస్థితి కొంచెం కుదుటపడ్డాక మళ్ళీ పెట్టుకో. నేనేమన్నా అంటే అప్పుడడుగు.”

“వారం ఆగడానికి లేదు బావగారూ.”

“ఏం?”

“ఇవాళ సాయంత్రం నాకు వీడియోలో ఇంటర్వ్యూ ఉంది. ఆ పేజీ చూసే పిలిచారు.”

ఇక అప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడారు. “ఇంటర్వ్యూనా? ఎక్కడే?” అని అత్తగారు. “చెప్పనేలేదు!” అని పెద్దకోడలు. “నేనే చెప్పొద్దన్నాను,” అని చిన్నకొడుకు. బావగారు మాత్రం మొదటిసారి కుర్చీ వదిలి చిన్నకోడలి మొహంలోకి చూశారు.

“ఎక్కడ?” అన్నారు నెమ్మదిగా.

“కుదిరాక చెబుతాను బావగారూ.”

దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఏదైనా కుదిరేదాకా నోరు విప్పకూడదన్నది ఆ ఇంటి అలవాటు. మామగారు బతికున్న రోజుల్లో ఈ ఇల్లు కొన్న సంగతి కూడా సామాను బండి ఎక్కించేటప్పుడే చెప్పారట. చెబితే చెడిపోతుందని ఆయన నమ్మకం. మనిషి పోయినా నమ్మకం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అందుకే ఒక్క కప్పు కింద ఇంతమంది ఉన్నా, ఎవరి పథకం ఏమిటో పక్కగదిలో వాళ్ళకి తెలియదు.

బావగారు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు. ఆయన అన్నమే ముట్టుకోలేదన్న సంగతి ఆయనకి గుర్తులేదు.

*

స్టూడియోలో ఎండ ఒక బల్ల మీద పడుతోంది, రెండోది నీడలో ఉంది. నీడలో ఉన్నది చిన్నకోడలిది. స్క్రీన్ మీద వెలుగు పడకూడదని తనే కోరి తీసుకుంది.

ఆమె తలుపు వేసుకుని పేజీ తెరిచింది. తీసేస్తే ఏం మిగులుతుందో చూడాలనుకుంది. చెప్పుల పనిని దాచి చూసింది. మిగిలినవి ఒక పళ్ళరసాల దుకాణం కరపత్రాలు, ఒక టైలర్ల సంఘం లోగో, దంతవైద్యుడి వెబ్‌సైట్. శుభ్రంగా ఉన్నాయి. ఎవరు చేసినా అంత శుభ్రంగానూ ఉండేవి. వాటిని చూసి ఎవరూ ఎవర్నీ పిలవరు. ఆమె గబగబా చెప్పుల పనిని మళ్ళీ పైకి తెచ్చింది.

తలుపు తోసుకుని బావగారు వచ్చారు. తన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. పని నేర్పిన రోజుల్లో అలాగే కూర్చునేవారు.

“తీసెయ్యకపోతే పోనీ. ఒక మాట మార్చు. ‘రూపకల్పన: నేను’ అన్నచోట ‘రూపకల్పన: స్టూడియో’ అని పెట్టు. నువ్వూ ఉంటావు అందులో, నేనూ ఉంటాను. ఎవరికీ నష్టం లేదు.”

ఆమె వేళ్ళు కీబోర్డు మీద పెట్టి ఆగింది. కోపంతో కాదు, నిజంగానే ఒక మార్గం దొరుకుతుందేమో అన్న ఆశతో అడిగింది.

“పెడతాను బావగారూ. ఈ స్క్రీన్‌లో మీరు చేసిందేమిటో చెప్పండి. చెప్పింది చెప్పినట్టు రాస్తాను.”

బావగారు నోరు తెరిచారు. కుందేలు వైపు చూశారు. ఎలుగుబంటి పిల్ల వైపు చూశారు. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. ఆ చప్పుడు ఆగి, మళ్ళీ మొదలై, ఆగిపోయింది. 

“మీకు నచ్చలేదు కదా,” అంది ఆమె. “నచ్చనిదాని మీద మీ పేరెందుకు?”

“నచ్చలేదని ఎవరన్నారు?”

“మీరే. పిల్లలాటలా ఉందన్నారు.”

“పిల్లల కోసం చేసింది పిల్లలాటలా ఉండక ఇంకెలా ఉంటుంది? అంత మాత్రం తెలియదా నాకు?” అన్నారాయన. తన మీద తనకే చిరాకు పడుతున్నట్టున్నారు. “బాగుంది. చూడగానే తెలిసింది బాగుందని. నేను ఎన్ని రోజులు కూర్చున్నా నాకు అలాంటిది తట్టదని కూడా తెలిసింది. అది తీసుకెళ్ళి చూపిస్తే మేడమ్ ‘ఎవరు చేశారు’ అంటుంది. నీ పేరు చెప్పాలి. రెండోసారి పనికి నిన్నే అడుగుతుంది. ఇక నేనెవర్ని? నిన్ను కారెక్కించి తీసుకెళ్ళి, బయట కూర్చునేవాణ్ణి.”

చిన్నకోడలు ఈ మాట వినడానికి సిద్ధంగా లేదు. తిడతారనుకుంది. తిట్టి ఉంటే ఎంతో హాయిగా ఉండేది.

“మీరు పిల్లలాట అన్నారని... ఆ తరవాత ఏ పని మొదలుపెట్టినా నాకు ఆ మాటే వినిపించేది బావగారూ. ఒక రంగు వేసి, పిల్లలాటలా ఉందేమో అని తీసేసేదాన్ని. కరపత్రాలన్నీ అందుకే అలా ఉన్నాయి. మీకేం, ఒక్క మాట అనేసి భోజనానికి వెళ్ళిపోయారు.”

“తప్పే,” అన్నారు బావగారు.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరి నోటా వినపడదు. అన్న ఆయనకీ విన్న ఆమెకీ ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. 

తరవాత ఆయన చెయ్యి చాపి మౌస్ అందుకుని పేజీని కిందికి జరిపారు. ‘నా గురించి’ అన్నచోట ఆగారు. వేలు పెట్టి చూపించారు.

“ఇదేమిటి?”

ఆమె చూసింది. చూడగానే మొహం వేడెక్కింది. అక్కడ ‘డిజైన్ స్వయంగా నేర్చుకున్నాను’ అని ఉంది.

“అందరి పోర్ట్‌ఫోలియోల్లోనూ అలాగే ఉంది. చూసి రాశాను.”

“స్వయంగా నేర్చుకున్నావా?”

“...లేదు.”

“అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ వదలాలో ఎవరు చెప్పారు? ఖాళీ జాగా కూడా బొమ్మలో భాగమే, దాన్ని చూసి భయపడొద్దని ఎవరు చెప్పారు? నువ్వు మొదట గీసిన లోగో నాకింకా గుర్తుంది. ఆరు రంగులు వేసి ఒక్కటి కూడా తీయనని ఏడ్చావు.”

“మీరే చెప్పారు బావగారూ.”

“నేను నీ పని నాదన్నాను. నువ్వు నేను నేర్పిందాన్ని లేదన్నావు. ఇద్దరం ఇద్దరమే.”

 ఆమె అది తప్పు చెయ్యాలని రాసింది కాదు. అలా రాస్తే గొప్పగా ఉంటుందని రాసింది, అంతే. కానీ ఇన్నేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న మనిషిని ఆ మూడు మాటలతో గదిలోంచి బయటికి పంపేసిందని ఇప్పుడు అర్థమైంది.

ఆ లైను కొట్టేసింది. దాని స్థానంలో ‘మా బావగారి స్టూడియోలో, ఆయన దగ్గర కూర్చుని డిజైన్ నేర్చుకున్నాను’ అని రాసింది. రాసి, మార్పు సైట్‌లోకి వెళ్ళేదాకా ఆగి, పేజీని ఆయన వైపు తిప్పింది.

బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. చదివారు. మళ్ళీ చదివారు.

“ఉంచుకో,” అన్నారు లేస్తూ.

“ఏది బావగారూ?”

“అన్నీ. చెప్పుల పేజీ కూడా. మేడమ్‌కి నేనేదో చెప్పుకుంటాను.” గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. ఇంకేదో చెప్పబోయారు. ఒక అడుగు లోపలికి కూడా వేశారు. ఎందుకో ఆగిపోయారు. “వెలుగు నీ మొహం మీద పడేలా కూర్చో. నీడలో ఉంటే దిగులుగా కనిపిస్తావు,” అని వెళ్ళిపోయారు.

*

ఇంటర్వ్యూకి ముందు ఆమె చేయగూడని పనులన్నీ చేసింది. ఫోన్‌లో పేజీ తెరిచి చూస్తే కుందేలు చెవులు అంచు దాటి కోసుకుపోతున్నాయి. దాన్ని సరిచేయబోతే దంతవైద్యుడి పేజీ పక్కకి వెళ్ళిపోయింది. అది సరిచేస్తే అక్షరాలు చిన్నవైపోయాయి. అన్నీ మళ్ళీ మొదటికి తెచ్చి, కుందేలు బొమ్మని కొంచెం కుదించి ఊరుకుంది. చీర మార్చుకుని వచ్చి, అది కెమెరాలో మరీ మెరుస్తోందని ఇంకొకటి కట్టుకుంది. భర్త గదిలోకి వచ్చి “ఏమన్నా కావాలా?” అని అడిగాడు. “మీరు లోపలికి రాకపోవడం కావాలి,” అంది. అతను నొచ్చుకోలేదు. “లెక్కల పరీక్షకి ముందు మా పిల్లలు కూడా ఇలాగే అంటారు,” అని నవ్వి వెళ్ళిపోయాడు.

పెద్దకోడలు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టిన తరవాత వెళ్ళలేదు.

“మీ బావగారు ఉంచుకోమన్నారటగా.”

“అవునక్కయ్యా. నేనస్సలు అనుకోలేదు.”

“మంచిదే,” అంది పెద్దకోడలు. గోడ మీది రంగుల పట్టీని సర్దింది. అది సరిగ్గానే ఉంది. “ఏ కంపెనీ? నాకు చెప్పు, నేనెవరికీ చెప్పనులే.”

చిన్నకోడలు తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “బస్ డిపో ఎదురుగా నీలం అద్దాల మేడ ఉందే, ఆ పై అంతస్తు వాళ్ళు. ఒక్క మనిషినే తీసుకుంటారట. నాకు వస్తుందంటావా అక్కయ్యా?”

పెద్దకోడలు చేతిలో ఉన్న పట్టీ చివర మెలితిరిగిపోయింది, ఆమె చూసుకోలేదు.

“అక్కయ్యా?”

“కరపత్రాలతో మొదలుపెట్టు,” అంది.

“ఏమిటి?”

“ముందు కరపత్రాలు చూపించు. దంతవైద్యుడిది చూపించు. ఆ చెప్పుల పని... వాళ్ళు అడిగితే తప్ప తియ్యకు.”

“అది చూసే కదా పిలిచారు! నీకేమైంది?”

“నాకేమవుతుంది?” అంది పెద్దకోడలు. కళ్ళు మాత్రం ఆమె వైపు తిప్పలేదు. “నేను మాటిచ్చాను. ఇంకేమీ అడగకు. చెప్పగలిగింది చెప్పాను.”

ఎవరికి మాటిచ్చావు, దేని గురించి అని చిన్నకోడలు అడిగేలోపే ఆమె బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసేసింది. వెనకాలే లేచి వెళ్ళాలనిపించింది. అప్పుడే కంప్యూటర్ మోగింది.

*

ఇంటర్వ్యూ చేస్తున్నావిడ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది. మాట మెత్తగా ఉంది. ఆవిడ వెనక కిటికీలోంచి బస్సులు డిపోలోకి వెళుతూ కనిపిస్తున్నాయి.

“భయపడకండి. మీ పేజీలు మీరే తిప్పుతూ మాకు చెప్పండి. మేం వింటాం.”

అక్కయ్య మాట మనసులో గుచ్చుకుంటూనే ఉంది. చిన్నకోడలు కరపత్రాలతోనే మొదలుపెట్టింది. పళ్ళరసాల దుకాణం గురించి మూడు ముక్కలు చెప్పేసరికే తన గొంతు తనకే విసుగ్గా వినిపించింది. ఆవిడ మర్యాదగా తలూపుతోంది. మర్యాద చూస్తే తెలిసిపోతుంది, అక్కడ ఇంకేమీ లేదని.

“చెప్పుల పనికి వద్దాం,” అంది ఆవిడే.

ఆ పేజీకి వచ్చాక చిన్నకోడలికి ఎవరి సలహాలూ గుర్తులేవు. పిల్లలు ఎందుకు కదులుతారో చెప్పింది. కదలొద్దు అంటే ఇంకా ఎందుకు కదులుతారో చెప్పింది. మొదట ఏనుగు పెట్టి, ‘నీది ఏనుగు అడుగు’ అంటే బొద్దుగా ఉన్న పిల్లలు చిన్నబుచ్చుకుంటారని దాన్ని తీసేసిన సంగతి చెప్పింది. ఆవిడ పెద్దగా నవ్వింది. పక్కన కెమెరాలో కనిపించని ఎవరో కూడా నవ్వారు. చిన్నకోడలికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళలో తన పని గురించి తన నోటితో చెప్పడం ఇదే మొదలు. ఆ సంతోషం ఇంత ఉంటుందని తెలిస్తే ఎప్పుడో ఇల్లెక్కి అరిచి చెప్పేది.

వంటింట్లో మిక్సీ మోగి ఠక్కున ఆగింది. “ఇప్పుడేనా అమ్మా? లోపల అమ్మాయి మాట్లాడుతోంది,” అని బావగారి గొంతు. “పచ్చడి చెయ్యొద్దా ఏమిట్రా?” అని అత్తగారు. “తరవాత చేద్దువుగాని. చప్పుడు చెయ్యకు.” తలుపవతల కుర్చీ వేసుకుని కూర్చున్న చప్పుడైంది.

“మీరు రాసిన ఒక లైను నాకు నచ్చింది,” అంది ఆవిడ. “బావగారి దగ్గర నేర్చుకున్నానని. మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా పుట్టుకతోనే అన్నీ వచ్చినట్టు రాస్తారు.”

చిన్నకోడలు సిగ్గుపడింది.

“కానీ ఒక విషయం అడగాలి. మీరు ఏమనుకోవద్దు.” ఆవిడ పక్కకి చూసి, మళ్ళీ ఇటు తిరిగింది. నవ్వు పోయింది కానీ మెత్తదనం పోలేదు. “ఇదే ఉద్యోగానికి ఇంకొక దరఖాస్తు వచ్చింది. వయసులో మీకంటే పెద్దాయన. ఆయన పోర్ట్‌ఫోలియోలో కూడా ఇదే స్క్రీన్ ఉంది. ఇదే కుందేలు, ఇదే ఎలుగుబంటి పిల్ల. ఊహ, రూపకల్పన అంతా తనదేనని రాశారు. రేపు ఆయన్ని మాట్లాడటానికి పిలిచాం.”

చిన్నకోడలికి చెవులు గింగురుమన్నాయి.

“ఆయన ఇంటిపేరూ, మీ ఇంటిపేరూ ఒకటే,” అంది ఆవిడ.

ఒక్క వారం తీసెయ్యి అన్న మనిషి మొహం ఆమె కళ్ళముందుకొచ్చింది. గుమ్మం దగ్గర ఇంకేదో చెప్పబోయి ఆగిన మనిషి. చెప్పుల కంపెనీ కోసం కాదు. స్టూడియో పరువు కోసం కాదు. ఆయన కూడా ఆ బోర్డు వదిలేసి, ఈ వయసులో, ఎవరికీ చెప్పకుండా ఉద్యోగం వెతుక్కుంటున్నారు. కుదిరాక చెబుదామని. ఇంత ఇంట్లో ఇద్దరూ ఒకే గుమ్మం ముందు, ఒకే బొమ్మ చేత్తో పట్టుకుని నిలబడ్డారు, ఒకరికొకరు తెలియకుండా.

జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందో ఆమెకి తెలియలేదు.

“మీరు ఆయన్ని ఇబ్బంది పెట్టాలనుకోకపోవచ్చు,” అంది ఆవిడ. “అది నాకు అర్థమవుతుంది. కానీ ఇద్దరిలో ఒకరే నిజం చెప్పారు. అబద్ధం చెప్పినవాళ్ళని మేం తీసుకోలేం, ఇవాళే కాదు, ఇంకెప్పుడూ తీసుకోం. ఇది ఎవరి పని?”

నాది. ఒక్క మాట. అది చెప్పడం కోసమే ఇన్ని రోజులు కూర్చుని ఇన్ని పేజీలు కట్టింది. చెబితే తలుపవతల ఇల్లంతటినీ నిశ్శబ్దంగా ఉంచుతున్న మనిషికి రేపు ఆ మేడ తలుపు మూసుకుపోతుంది. స్టూడియోది అని చెబితే తన తలుపు తనే మూసుకోవాలి.

“ఒక్క నిమిషం అండీ,” అంది చిన్నకోడలు. లేచింది.  మాట వినిపించకుండా మైకు ఆపాలని కూడా తోచలేదు. వెళ్ళి తలుపు తీసింది.

బావగారు కుర్చీలోంచి గబుక్కున లేచారు. “ఏమైంది? నెట్ పోయిందా?”

“లేదు బావగారూ. నెట్ ఉంది.”

“మరి? బాగా చెప్పావా? వాళ్ళు నవ్వడం వినిపించింది.” ఆయన మొహం నిండా సంతోషమే ఉంది. అందులో అబద్ధం లేదు. అదే ఆమెకి భరించరానిదిగా ఉంది. వంటింటి గుమ్మంలో పెద్దకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

చిన్నకోడలు తలుపు బార్లా తెరిచి పక్కకి జరిగింది. లోపల స్క్రీన్ మీద ఆ నెరిసిన జుట్టావిడ, ఆవిడ వెనక డిపోలోకి తిరుగుతున్న బస్సూ ఆయనకి కనిపించాయి. బావగారి మొహంలో రంగు మారడం ఆమె చూసింది.

“లోపలికి రండి బావగారూ,” అంది. “కుందేలు ఎవరిదని అడుగుతున్నారు. నేనింకా ఏమీ చెప్పలేదు.”